తాత్కాలిక కమిటీలు: వేసేటప్పుడే చూసుకోవలసిన సంగతులు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనందరికీ పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్న మాట ఆ తీర్పుతో గట్టిపడింది. ఏటా ఈ సభలో ఆ తీర్పు గురించి చెప్పుకుంటున్నాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను వేరే విషయం మాట్లాడమన్నారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాబోతోంది. కుటుంబ పెన్షన్ ఆగిపోయినవారి కేసులు, అసలు మొదలే కానివారి కేసులు, మంచం పట్టిన సభ్యుల లైఫ్ సర్టిఫికెట్ల ఇబ్బందులు, వీటిని చూడటానికి ఒక తాత్కాలిక కమిటీ వేయాలని ఆ తీర్మానం. "సర్వీసులో ఉండగా మీరు కమిటీల్లో బాగా నలిగారు కదా, అవి ఎలా నడుస్తాయో ఓ అరగంట చెప్పండి" అని వారి ఆదేశం.

నలిగిన మాట నిజమే. 34 ఏళ్ళ సర్వీసులో పాత సామాను వేలం కమిటీ, కొనుగోళ్ళ కమిటీ, రికార్డుల కమిటీ, తుపాను నష్టం అంచనా కమిటీ, ఇలా ఎన్నో చూశాను. చాలావాటిలో నేను మెంబర్ సెక్రటరీని. ఆ పదవి అంటే ఏమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. నోటీసులు పంపడం, సభ్యులకు ఫోన్లు చేసి బతిమాలడం, టీ పురమాయించడం, మినిట్స్ రాయడం, ఆఖరికి రిపోర్టు కూడా రాసి సంతకాల కోసం ఇంటింటికీ తిరగడం. ఆ అనుభవం మీద నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తాత్కాలిక కమిటీ పని చేస్తుందా లేదా అన్నది అందులో కూర్చున్నవారి పెద్దరికం కంటే, దాన్ని వేసిన ఉత్తర్వులో ఏం రాశారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ ఉత్తర్వు ఇవాళ మనమే రాయబోతున్నాం కాబట్టి కాస్త ఓపికగా వినమని మనవి.

వసారా, పందిరి

కమిటీలు రెండు రకాలు. స్థాయీ సంఘం ఇంటి వసారా లాంటిది. తాత్కాలిక కమిటీ పెళ్ళి పందిరి లాంటిది. వసారాలో రోజూ ఎవరో ఒకరు కూర్చుంటూనే ఉంటారు. పందిరి మాత్రం ఒక ముహూర్తం కోసం వేస్తారు, శుభకార్యం కాగానే విప్పేస్తారు. పార్లమెంటులో పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఎప్పుడూ ఉంటుంది. 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు కూడా వచ్చాయి. అదే 1987లో బోఫోర్స్ మీద, 1992లో సెక్యూరిటీల కుంభకోణం మీద వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘాలు తమ నివేదికలు ఇచ్చి ముగిసిపోయాయి.

అమెరికా సైన్యంలో ఇంజనీరుగా పనిచేసిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ 1876లో సభా నియమాల మీద ఒక పుస్తకం వేశారు. ఈనాటికీ అక్కడి సంఘాలకు అదే ప్రమాణం. ప్రత్యేక పని కోసం వేసిన కమిటీ తన తుది నివేదిక ఇవ్వగానే దానంతట అదే లేకుండా పోతుందన్నది అందులో నియమం. మన ఆఫీసుల్లో ఈ నియమం లేకపోవడం వల్లే పందిళ్ళు వసారాలైపోతుంటాయి. రాటలు చెదలు పట్టినా విప్పే నాథుడు ఉండడు.

ఇక కమిటీ ఎందుకు వేస్తారు? మంచి కారణాలు మూడు. మొదటిది, విషయం ఒక్క సెక్షన్‌కు లొంగకపోవడం. ఎస్టాబ్లిష్‌మెంట్, అకౌంట్స్, ఇంజనీరింగ్ ముగ్గురూ ఒకచోట కూర్చుంటే తప్ప తెమలని పనులు ఉంటాయి. విడివిడిగా పంపితే ఫైలు మూడు బల్లల చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. రెండవది, రోజువారీ పనిలో మునిగినవాడికి కనబడనిది బయటివాడికి కనబడటం. మూడవది, రేపు నిర్ణయాన్ని అమలు చేయవలసినవారు దాని తయారీలో పాలుపంచుకుంటే అడ్డం తిరగకపోవడం. నాలుగో కారణం కూడా ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఫైలు ఇప్పట్లో తిరిగి రాకూడదనుకుంటే కమిటీకి పంపడం!

తేల్చవలసినవారు తేల్చాలి

కమిటీ చేయగలిగిన పనులు ఉన్నాయి, చేయలేని పనులూ ఉన్నాయి. ఈ తేడాకు మన ఆంధ్ర రాష్ట్ర చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1948 జూన్‌లో భాషా రాష్ట్రాల విషయమై దార్ కమిషన్ వేశారు. అది డిసెంబరులో నివేదిక ఇచ్చింది, భాషను బట్టి రాష్ట్రాలు వద్దంది. అదే డిసెంబరులో జైపూర్ కాంగ్రెసులో జవహర్‌లాల్, వల్లభ్‌భాయి, పట్టాభి సీతారామయ్య గార్లతో మరో సంఘం వేశారు. ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి దాన్ని జె.వి.పి. కమిటీ అన్నారు. 1949 ఏప్రిల్‌లో ఆ కమిటీ, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం సంగతి ఆలోచించవచ్చు అంది. అదే ఏడాది చివర మద్రాసు ప్రభుత్వం కుమారస్వామి రాజా గారి అధ్యక్షతన విభజన సంఘం వేసింది. అందులో తెలుగువారూ ఉన్నారు, తమిళులూ ఉన్నారు. ప్రకాశం పంతులు గారు మద్రాసు నగరం విషయంలో ఒప్పుకోక అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం రాలేదు. పని అక్కడే ఆగింది.

దేశంలోకెల్లా పెద్ద తలకాయలు కూర్చున్న కమిటీలివి. అయినా ఎందుకు ఆగింది? మద్రాసు ఎవరిదన్నది అధికారంలో ఉన్నవారు ఒక నిర్ణయం తీసుకుని బాధ్యత వహించవలసిన ప్రశ్న. దాన్ని అలాగే ఉంచి, మిగతాది పంచుకోండని కమిటీకి అప్పగించారు. అప్పుడు కమిటీలోనూ అదే తగవు పునరావృతం అయింది.

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు 58 రోజుల నిరాహార దీక్ష తర్వాత ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, మద్రాసు నగరం లేకుండా వివాదం లేని తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు చేస్తామని ప్రధాని పార్లమెంటులో ప్రకటించారు. ఆ ప్రకటన మనకు నచ్చిందా లేదా అన్నది వేరే మాట. కాని ఆ తర్వాత జరిగింది గమనించండి. ఆర్థిక, పాలనా పరమైన సమస్యలు చూడటానికి రాజస్థాన్ ప్రధాన న్యాయమూర్తి వాంఛూ గారిని ఒక్కరినే నియమించారు. 1953 జనవరిలో పని మొదలు, ఫిబ్రవరిలో నివేదిక. ఇక బళ్ళారి తాలూకా ఎటు పోవాలన్న ఒక్క ప్రశ్నను ఆ ఏడాదే హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మిశ్రా గారికి ఇచ్చారు. కొద్ది వారాల్లో అదీ తేలింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది.

పెద్దలు తేల్చవలసింది తేల్చి, మిగిలిన చిక్కును ముక్కలు చేసి, ఒక్కో ముక్కను గడువుతో సహా అప్పగిస్తే పని నెలల్లో అయింది. తేల్చకుండా అప్పగించినప్పుడు ఏళ్ళు పట్టింది, ఒక మహానుభావుడి ప్రాణం పోయింది. కాబట్టి తీర్మానం రాసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న, ఇది కమిటీ తేల్చగలిగినదా, మనం తేల్చవలసినదా అని.

కలం ఎవరి చేతిలో ఉంది

తాత్కాలిక కమిటీలన్నిటిలోకీ మనం గర్వంగా చెప్పుకోదగినది రాజ్యాంగ ముసాయిదా సంఘం. 1947 ఆగస్టు 29న ఏర్పడింది, మర్నాడే మొదటిసారి సమావేశమైంది. సభ్యులు ఏడుగురు, అధ్యక్షులు డాక్టర్ అంబేద్కర్. మన నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు, బందరులో పుట్టి మైసూరు దివాన్ పదవి చేసిన న్యాపతి మాధవరావు గారు అందులో సభ్యులు. మాధవరావు గారు మరొకరి స్థానంలో మధ్యలో వచ్చారు.

1948 నవంబరు 5న టి.టి. కృష్ణమాచారి గారు రాజ్యాంగ సభలో లేచి ఒక నిజం చెప్పారు. ఆ ఏడుగురిలో ఒకరు రాజీనామా చేశారు. ఒకరు చనిపోయారు. ఒకరు అమెరికాలో ఉన్నారు. ఇంకొకరు సంస్థానాల వ్యవహారాల్లో తలమునకలయ్యారు. ఒకరిద్దరు ఆరోగ్యం బాగాలేక ఢిల్లీకి దూరంగా ఉండిపోయారు. చివరికి భారమంతా డాక్టర్ అంబేద్కర్ గారి మీదే పడింది అని. అంత చరిత్రాత్మకమైన కమిటీలోనే హాజరు పట్టీ అలా ఉందంటే మన కమిటీల సంగతి చెప్పేదేముంది?

అలాంటప్పుడు పని ఎలా అయింది? బాధ్యత తన భుజాన వేసుకున్న అధ్యక్షుడు ఉన్నాడు కాబట్టి. దానితో పాటు చేతిలో ముందే ఒక కాగితం ఉంది కాబట్టి. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు గారు అప్పటికే ఒక తొలి ముసాయిదా తయారుచేశారు. భాషను చెక్కడానికి ఎస్.ఎన్. ముఖర్జీ గారు ఉన్నారు. ఈ ఇద్దరూ ఆ కమిటీలో సభ్యులు కారు. 1949 నవంబరు 25న తన చివరి ఉపన్యాసంలో అంబేద్కర్ గారు వీరిద్దరి పేర్లూ, వారి కింద పనిచేసిన సిబ్బంది శ్రమనూ తలచుకుని మరీ కృతజ్ఞత చెప్పారు. బల్లల దగ్గర కూర్చుని ముసాయిదాలు రాసి రిటైరైన మనబోటి వారికి ఆ మాటలు ఎంత తృప్తి!

ఇందులోంచి మనం తీసుకోవలసింది రెండు విషయాలు. కమిటీ వేసిన రోజునే రాసే మనిషి ఎవరో పేరు పెట్టి నిర్ణయించాలి. మొదటి సమావేశానికి ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. నాలుగు పేజీల చిత్తు నోట్ ఒకటి బల్ల మీద ఉంటే సభ్యులు దాన్ని కొట్టివేయనైనా కొట్టివేస్తారు. తెల్ల కాగితం పెడితే లోకాభిరామాయణంతో పూట గడుస్తుంది.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన

సభ్యులు ఎంతమంది ఉండాలి? ఇంగ్లాండుకు చెందిన పార్కిన్సన్ గారు 1957లో వేసిన పుస్తకంలో దీని మీద పెద్ద హాస్యమే నడిపారు. కమిటీ ఇరవై మంది దాకా పెరిగిందంటే ఇక అది కమిటీగా పనిచేయదని, అసలు పని లోపల మరో చిన్న గుంపు చేతికి పోతుందని ఆయన సిద్ధాంతం. అందులోనే ఇంకో సంగతి ఉంది. కోటానుకోట్ల అణు రియాక్టరు ప్రతిపాదన రెండున్నర నిమిషాల్లో ఆమోదం పొందుతుంది, ఎందుకంటే అది ఎవరికీ అర్థం కాదు. సైకిళ్ళ షెడ్డు మీద మాత్రం ముప్పావుగంట చర్చ జరుగుతుంది, ఎందుకంటే షెడ్డు అందరికీ తెలుసు. హాస్యమే గాని అబద్ధం కాదు. వార్షికోత్సవాల కమిటీలో పనిచేసినవారు చెప్పండి, హాలు అద్దె మీద ఎక్కువసేపు మాట్లాడారా, పులిహోరా దద్దోజనమా అన్న దాని మీదా?

రాబర్ట్ గారి పుస్తకంలో ఇంతకంటే ఉపయోగపడే సూత్రం ఒకటి ఉంది. ఒక పని చేసి పెట్టడానికి వేసే కమిటీ చిన్నదిగా ఉండాలి, ఆ పని మీద మనసున్నవాళ్ళే ఉండాలి. ఒక విషయం విచారించి అభిప్రాయం చెప్పడానికి వేసే కమిటీ కాస్త పెద్దదిగా ఉండాలి, అన్ని పక్షాలవారూ అందులో ఉండాలి. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం. పని చేయవలసిన కమిటీలో ఎవరూ నొచ్చుకోకూడదని డిపార్టుమెంటుకొకరిని వేస్తాం. విచారణ కమిటీలో మాత్రం మనకు కావలసిన ముగ్గురిని వేసుకుంటాం. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవారెవరని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పిలవని మనిషి

నేను పనిచేసిన ఒకానొక కార్యాలయంలో జరిగిన సంగతి చెబుతాను. పేరు అప్రస్తుతం. రికార్డు గది వానకు కారి, సగం కాగితాలు చెదలు పట్టాయి. పనికిరానివి తీసివేయడానికి ఐదుగురు అధికారులతో కమిటీ వేశారు. వారు రెండుసార్లు గది గుమ్మం దాకా వచ్చి చూశారు. దుమ్ముకు ముక్కులు మూసుకుని వెనుదిరిగారు. మూడో సమావేశంలో వేలానికి జాబితా సిద్ధమైంది. అందరి సంతకాలూ అయ్యాయి, ఒక్క అసిస్టెంట్ అకౌంట్స్ ఆఫీసరుది తప్ప.

ఆయన వయసులో అందరికన్నా చిన్నవాడు. సంతకం చేయకుండా, "రికార్డు అసిస్టెంటును విచారించలేదు" అని జాబితా కింద ఒక్క వాక్యం రాశాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మిగతావారు విసుక్కున్నారు. కాని రాతలో పడింది కాబట్టి విచారించక తప్పలేదు. ఆ రికార్డు అసిస్టెంటు ఇరవై ఏళ్ళుగా ఆ గదిలోనే ఉన్నవాడు. అడుగు అరలోని మూటలు చూపించి, "ఇవి వర్క్‌చార్జ్‌డు వాళ్ళ సర్వీసు రిజిస్టర్లండి, ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు" అన్నాడు. విప్పితే 20 పైచిలుకు రిజిస్టర్లు ఉన్నాయి. సర్వీసు రిజిస్టరు పోతే మనిషికి ఏం పోతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ మూటలు తూకానికి వెళ్ళి ఉంటే అన్ని కుటుంబాల పెన్షనూ తూకానికే వెళ్ళేది.

పాము చావకుండా, కర్ర విరగకుండా రాసిన ఏకగ్రీవ రిపోర్టు కంటే, ఇబ్బంది పెట్టే ఒక్క అసమ్మతి వాక్యం ఎక్కువ మేలు చేయవచ్చు. అసమ్మతి రాసే హక్కు సభ్యులందరికీ ఉందని ఉత్తర్వులోనే రాయాలి. విషయం తెలిసినవాడు ఏ హోదాలో ఉన్నా పిలిచి కుర్చీ వేసి వినాలి.

గడువు, ఆ తర్వాత

గడువు లేని కమిటీ గట్టు లేని చెరువు. గడువు రాస్తే సరిపోదు, పొడిగింపు ఎవరు ఇస్తారో, ఎన్నిసార్లు ఇస్తారో కూడా రాయాలి. 1992 డిసెంబరులో అయోధ్య ఘటన మీద లిబర్హాన్ కమిషన్‌ను మూడు నెలల గడువుతో వేశారు. 48 సార్లు పొడిగించారు. నివేదిక 2009 జూన్‌లో వచ్చింది. ఆలస్యానికి కోర్టు స్టేలు, సాక్షుల వాయిదాలు, ఇలా కారణాలు ఉండవచ్చు. కాని 17 ఏళ్ళ తర్వాత వచ్చిన జవాబు, అడిగిన కాలానికి చెందిన జవాబు కాదు.

నివేదిక వచ్చాక ఏమవుతుంది? ఇక్కడ రెండు ఉదాహరణలు. బల్వంతరాయ్ మెహతా అధ్యయన బృందాన్ని 1957 జనవరిలో వేశారు, అదే ఏడాది నవంబరులో నివేదిక వచ్చింది. 1959లో రాజస్థాన్, వెంటనే మన ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ అమలుచేశాయి. ఇక్కడ కూర్చున్నవారిలో సమితి ఆఫీసుల్లో ఉద్యోగం మొదలుపెట్టినవారు ఉండే ఉంటారు. ఆ ఉద్యోగాలకు మూలం ఆ నివేదికే. నివేదిక కోసం ఎదురుచూస్తున్నవారు, అందగానే అమలు చేయదలచినవారు ఉన్నారు కాబట్టి అది కాగితంగా మిగలలేదు.

రెండోది 610 జీ.వో. 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా జరిగిన నియామకాల మీద అధికారుల కమిటీ ఒకటి నివేదిక ఇచ్చింది. 1985 డిసెంబరు 30న జీ.వో. వచ్చింది. 1986 మార్చి 31లోగా సరిదిద్దాలని అందులో ఉంది. 2001లో ఆ జీ.వో. అమలు ఏమైందో చూడటానికి గిర్‌గ్లానీ గారితో ఏకసభ్య కమిషన్ వేయవలసి వచ్చింది. ఎవరి వాదం న్యాయమన్న జోలికి నేను పోను. మనలో రెండు వైపులవారూ ఉన్నారు, ఇప్పుడు రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. నేను చెప్పేది ఒకటే. ఒక కమిటీ చెప్పినది జరిగిందా లేదా చూడటానికి 15 ఏళ్ళ తర్వాత మరో కమిషన్ కావలసి వచ్చిందంటే, మొదటి దాని తర్వాత ఏటా లెక్క అడిగినవారు లేరన్న మాట.

ఈ ప్రమాదం తెలిసే కాబోలు, 1952 నాటి విచారణ కమిషన్ల చట్టానికి 1971లో ఒక సవరణ చేశారు. నివేదిక అందిన ఆరు నెలల్లో దాన్ని, తీసుకున్న చర్యల పత్రంతో కలిపి చట్టసభ ముందు పెట్టాలి. ఒప్పుకున్నారా లేదా అన్నది తర్వాత, జవాబు మాత్రం చెప్పి తీరాలి. ప్రభుత్వం తన మీద తాను పెట్టుకున్న ఆ షరతు మన సంఘం కూడా పెట్టుకోవచ్చు.

చివరగా లెక్కలు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో పరాంతక చోళుని కాలంనాటి శాసనాలు ఉన్నాయి. క్రీ.శ. 921 నాటి శాసనంలో చెరువు, తోట మొదలైన కమిటీలకు సభ్యులను కుండలో చీటీలు వేసి తీసే పద్ధతి రాసి ఉంది. పదవి ఏడాదే. మూడేళ్ళలోపు ఒకసారి చేసినవారు మళ్ళీ రాకూడదు. లెక్కలు అప్పజెప్పనివారికి, వారి దగ్గరి బంధువులకు అర్హత లేదు. వయసు 35 దాటి, 70 లోపు ఉండాలి. ఈ ఆఖరి షరతు పెడితే మన సంఘంలో సగం మంది ఇంటికే పోవాలి, కాబట్టి దాన్ని వదిలేసి మిగతావి తీసుకుందాం!

మన తీర్మానం

ఇక మన సంగతికి వస్తాను. ఈ కమిటీ ఎవరి కోసమో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. భర్త ఉన్నంతకాలం బ్యాంకు గడప తొక్కని ఇల్లాలు, ఆయన పోయాక పి.పి.ఓ.లో పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉందని ఖజానా ఆఫీసుకూ బ్యాంకుకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. పి.పి.ఓ.లో సుబ్బాయమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ. మనిషి ఒక్కతే. పెన్షన్ మాత్రం నెలల తరబడి రాదు. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం కలిగింది. కాని ఎనభై దాటిన చేతుల్లో ముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టదు. 2021లో ముఖం చూపి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. సెల్‌ఫోన్‌లో అది చేసిపెట్టే మనవడు పక్కన లేనివారి మాటేమిటి? వీరు సభలకు రాలేరు, చెయ్యెత్తి అడగలేరు. వారి తరఫున మనం వేసే కమిటీ పేరుకు మిగిలిపోతే వారికి మరో గడప పెంచినవాళ్ళం అవుతాం.

అందుచేత నా సూచనలు ఇవి.

మొదట, మనం తేల్చవలసినవి రెండున్నాయి. సంక్షేమ నిధి నుంచి ఈ పనికి ఖర్చు పెట్టాలా? మన సంఘంలో సభ్యత్వం తీసుకోకుండానే చనిపోయిన ఉద్యోగుల భార్యలకు కూడా సాయం చేయాలా? ఈ రెండింటి మీదా మనలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని నాకు తెలుసు. చందా కట్టనివారికి ఎందుకన్న వాదనలో న్యాయం లేదనను. అయినా నా ఓటు చేయాలనే. చందా కట్టనిది భర్త, ఇబ్బంది పడుతున్నది భార్య. మీరు ఎటు ఓటు వేసినా సరే, మధ్యాహ్నమే చేతులెత్తి తేల్చండి. మన తగవును కమిటీ నెత్తిన పెట్టకండి.

రెండవది, ఇది పని చేసిపెట్టే కమిటీ. ఐదుగురు చాలు. వారిలో ఇద్దరు కుటుంబ పెన్షన్ తీసుకుంటున్న అమ్మలు ఉండాలి. ఏ కౌంటరు దగ్గర ఏ కాగితం అడుగుతారో, ఎవరు ఎలా మాట్లాడతారో వారికి తెలిసినట్టు మనకు తెలియదు. ఖజానా శాఖలో పనిచేసి రిటైరైనవారు ఒకరు తప్పనిసరి. రాసే బాధ్యత ఎవరిదో పేరు తీర్మానంలోనే ఉండాలి.

మూడవది, ప్రశ్న స్పష్టంగా ఉండాలి. "పెన్షనర్ల సమస్యలు పరిశీలించుట" అని రాస్తే సముద్రంలో దూకమన్నట్టే. ఆగిన కేసులు ఎన్ని, ఒక్కొక్కటి ఏ బల్ల దగ్గర ఏ కాగితం కోసం ఆగింది, దాన్ని కదిలించడానికి మనం ఏం చేయగలం అని రాయండి. వీటితో పాటు ఇంటికి వెళ్ళి లైఫ్ సర్టిఫికెట్ చేయించవలసినవారి జాబితా ఏ వీధిలో ఎవరు అన్నంత వివరంగా తయారవ్వాలి.

నాలుగవది, గడువు 90 రోజులు. ఒక్క పొడిగింపు, అదీ 30 రోజులే, కార్యవర్గం రాతపూర్వకంగా ఇస్తేనే. నివేదిక అందిన 60 రోజుల్లో ప్రతి సిఫారసు మీదా చేస్తాం, చేయలేం, ఎందుకు చేయలేం అని కార్యవర్గం మన పత్రికలో జవాబు అచ్చువేయాలి. అసమ్మతి ఉంటే దాన్నీ అలాగే అచ్చువేయాలి.

ఐదవది, కమిటీ ముగిసే రోజు. నివేదిక, కేసుల ఫైళ్ళు, ఖర్చుల లెక్కలు కార్యదర్శి గారికి అప్పజెప్పిన రోజుతో కమిటీ రద్దు. ఆ తర్వాత మిగిలిన కేసులను రోజువారీ చూడవలసింది సంఘం కార్యాలయం. ఐదుగురు మంచి మనుషులను ఏళ్ళ తరబడి అదే పనికి కట్టిపడేస్తే, ఇంకోసారి పిలిచినప్పుడు ఎవరూ ముందుకు రారు.

మిత్రులారా, మనం సర్వీసులో ఉన్నప్పుడు ఉత్తర్వులు పైనుంచి వచ్చేవి, వాటిలో లొసుగులు చూసి నవ్వుకునేవాళ్ళం. ఇవాళ ఉత్తర్వు రాసేది మనమే. తీర్మానం ముసాయిదా ప్రతులు భోజనశాల గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. దయచేసి చదివి, సవరణలు పెన్సిలుతో అంచున రాసి, రెండున్నర గంటలకల్లా కార్యదర్శి గారికి ఇవ్వండి. కమిటీలో పనిచేయడానికి ఇష్టమున్నవారు కూడా ఆ కాగితం మీదే పేరు రాయండి.